వానలో ఒంటరిగా ఓల్డ్ మ్యాన్ కొండ ఎక్కబోతున్న అమ్మాయికి

బంగారు తల్లికి,

పెద్దమ్మ ఆశీస్సులు.

శనివారం ఒక్కదానివే ఇంగ్లండ్ లేక్ డిస్ట్రిక్ట్‌లోని కానిస్టన్ ఓల్డ్ మ్యాన్ కొండ ఎక్కుతానని మెసేజ్ పెట్టావు. వాన పడినా ఆగనన్నావు. ఆ మాట చెవిన పడ్డ దగ్గర్నుంచి మీ అమ్మకు నిద్ర లేదు. "అక్కా, నువ్వయినా చెప్పు, మానుకోమను" అని రోజూ ఫోన్ చేస్తోంది. నేను మానుకోమని చెప్పను. ఒంటరిగా కొండెక్కడంలో ఉన్న సుఖం నాకు తెలుసు, వానలో ఎక్కితే అది ఇంకా ఎక్కువ. మబ్బు కిందికి దిగాక గొర్రెల అరుపు, వాగు చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు, ఎవరి కోసమూ ఆగక్కర్లేదు. చదువు టెన్షన్, అద్దె టెన్షన్, ఉద్యోగం దొరుకుతుందా లేదా అనే టెన్షన్ కొన్ని గంటలపాటు కిందే ఉండిపోతాయి. అది నీకూ దక్కాలి.

కాని నువ్వు ఎంచుకున్నది ఉత్త కొండ దారి కాదు. అది పాత రాగి గనుల లోయ పక్కనుంచి, మూతపడిన స్లేటు క్వారీల మధ్యలోంచి పోతుంది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం. ఫోన్లో చెబితే సగం వింటావు. కాగితం మీద ఉంటే బస్సులో కూర్చుని ఇంకోసారి చదువుకుంటావు.

ముందు ఒక్క విషయం. మిగతాదంతా మరిచిపోయినా ఇది మాత్రం గుర్తుపెట్టుకో. వాన ఎంత జోరుగా కొట్టినా తల దాచుకోవడానికి గని లోపలికి అడుగు పెట్టకు. రెండడుగులు కూడా వద్దు.

ఎండగా ఉన్న రోజు ఆ చీకటి సొరంగాల్లోకి ఎవరికీ పోబుద్ధి కాదు. వానే మనిషిని అటు తోస్తుంది. ఆ కొండ మీద చెట్టు ఉండదు, చూరు ఉండదు. గాలి మొహాన కొడుతుంటుంది, మెడ దగ్గర్నుంచి నీళ్ళు లోపలికి కారుతుంటాయి. సరిగ్గా అప్పుడే దారి పక్కన మనిషెత్తు సొరంగం ఒకటి కనిపిస్తుంది. లోపల వాన లేదు, గాలి లేదు. తుప్పు పట్టిన పట్టా ముక్క ఒకటి లోపలికి పోతుంటుంది. 'ఒక్క పది నిమిషాలు నిలబడితే ఏమవుతుంది' అనిపిస్తుంది. ఏమవుతుందో చెబుతాను.

ఇక్కడి రాగి రాతిలో దాదాపు నిలువుగా, సన్నటి పొరలుగా దిగి ఉంటుంది. గనివాళ్ళు ఆ పొరను పట్టుకుని పైకీ కిందికీ తవ్వుకుంటూ పోయారు. కాబట్టి నువ్వు నిలబడ్డ సొరంగం నేల కింద కూడా చాలాచోట్ల ఖాళీయే. ఆ ఖాళీ మీద దుంగలు అడ్డంగా పరిచి, వాటి మీద రాళ్ళూ మట్టీ పోసి వాళ్ళు నడిచారు. నూట యాభై ఏళ్ళ తర్వాత నీకు కనిపించేది పైన ఉన్న రాళ్ళూ మట్టే. కింద దుంగ ఉందో, కుళ్ళి పిప్పి అయిపోయిందో పైనుంచి చూస్తే తెలియదు. నీళ్ళతో ఇంకో ప్రమాదం. సొరంగంలో చీలమండ లోతున నీళ్ళు నిలిచి ఉంటాయి, దాటొచ్చులే అనుకుంటాం. ఆ నీళ్ళ మధ్యలోనే కింది అంతస్తుకు దిగే బావి ఉండి, అదీ నిండిపోయి ఉంటే, దాని మీదా అవే నీళ్ళు, అదే మట్టం. ఎక్కడ చీలమండ లోతో, ఎక్కడ అడుగు దొరకదో టార్చి వేసినా తేడా కనిపించదు. గాలి సంగతి ఇంకా కష్టం. ఆక్సిజన్ తగ్గిన గాలికి వాసన ఉండదు, రంగు ఉండదు, చాలాసార్లు ఊపిరాడనట్టు కూడా ముందుగా అనిపించదు. తల తిరుగుతోందని తెలిసేసరికి కాళ్ళు మాట వినవు. ఒంటరిగా ఉన్నప్పుడు బయటికి లాగేవాళ్ళు ఉండరు.

మనది కొత్తగూడెం. మీ తాతయ్య సింగరేణిలో సర్దారుగా చేశారని నీకు తెలుసు, ఏం చేసేవారో తెలుసో లేదో. షిఫ్టు మొదలవకముందే ఆయన వెళ్ళి బాయి, అంటే గని, పైకప్పును కర్రతో తట్టి చూసేవారు. గట్టి రాయి ఖంగుమంటుంది, పొర విడిపోయిన రాయి డొల్లగా పలుకుతుంది. సేఫ్టీ ల్యాంపు పట్టుకుని గ్యాస్ చూసేవారు. దిమ్మె కాస్త వంగినా మార్పించేవారు. ఇదంతా అయ్యాకే మనుషులను పనిలోకి రానిచ్చేవారు. బాయి మీద పెరిగిన కుటుంబం మనది, గని అంటే మనకు భయం లేదు. కాని రోజూ ఎవరో ఒకరు తట్టి చూసే గని వేరు, వందేళ్ళుగా ఎవరి చెయ్యీ పడని గని వేరు. కానిస్టన్ గనులు రెండో రకం. అందులోనూ రోజుల తరబడి వానకు నానిన కొండలో పైకప్పు రాళ్ళ సందుల్లోకి నీళ్ళు దిగి ఉంటాయి, సొరంగం నోటి దగ్గరి రాళ్ళే ముందు కదులుతాయి. నువ్వు నిలబడాలనుకున్న చోటు సరిగ్గా అదే.

లోపల ఎలా ఉంటుందో చూడాలని నీకు నిజంగా ఉంటే దానికి వేరే దారి ఉంది. కుంబ్రియా అమెనిటీ ట్రస్ట్ మైనింగ్ హిస్టరీ సొసైటీ అని ఈ గనుల చరిత్రను ఏళ్ళ తరబడి పరిశీలిస్తున్నవాళ్ళు ఉన్నారు. హెల్మెట్లు, తాళ్ళు, తోడు మనుషులతో దిగుతారు. హానిస్టర్ స్లేటు గనిలోనైతే టికెట్ కొనుక్కుని గైడుతో లోపలికి వెళ్ళొచ్చు. ఎండాకాలం ఇద్దరం కలిసి వెళ్దాం. శనివారం మాత్రం బయటనుంచి చూసి సాగిపో.

మరి వానకు ఎక్కడ ఆగాలంటావు. నారింజ రంగు ప్లాస్టిక్ సర్వైవల్ బ్యాగ్ ఒకటి అవుట్‌డోర్ షాపుల్లో కొద్ది పౌండ్లకే దొరుకుతుంది. మనిషి మొత్తం పట్టేంత పెద్ద సంచి. బండరాయికి గాలి తగలని వైపు, వీపు బ్యాగు కింద వేసుకుని దాని మీద కూర్చుని, సంచి తల మీదనుంచి కప్పుకో. మొహం దగ్గర గాలి ఆడనివ్వు. టీ తాగేంతసేపటికి అది చాలు. క్వారీ పాత గదుల గోడలు అక్కడక్కడా నిలబడి ఉంటాయి. వాటికి ఆనుకుని కూర్చోకు, సున్నం లేకుండా పేర్చిన గోడలు తడిసినప్పుడే జారతాయి.

ఇక దారి. ఆర్డ్‌నెన్స్ సర్వే మ్యాప్ కొను, ఓఎల్6 అని అడుగు, 1:25,000 స్కేలుది. ఫోన్లో యాప్ ఉంది కదా అంటావు. ఉండనీ, వాడుకో. కాని తడి వేళ్ళకు స్క్రీన్ పలకదు, చలికి బ్యాటరీ గబగబా పడిపోతుంది. ఆ ఫోను నీకు సాయం పిలవడానికి కావాలి, దారి చూపించడానికి దాన్ని ఖర్చు పెట్టేయకు. కాగితం మ్యాపును ప్లాస్టిక్ కవర్లో పెట్టి మెడలో వేసుకో. శుక్రవారం రాత్రి దాన్ని టేబుల్ మీద పరిచి చూడు. ఆ లోయంతా షాఫ్ట్ (నిలువు గొయ్యి), లెవెల్ (అడ్డ సొరంగం), క్వారీ అని సన్నటి అక్షరాలుంటాయి, పక్కనే బ్రాకెట్లో 'డిస్' అని, అంటే వాడకంలో లేదని. నీ దారికి దగ్గరగా ఉన్నవాటికి ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టు. మ్యాపులోకి ఎక్కని గోతులు కూడా ఉంటాయి. అందుకే కంచె కనిపిస్తే అది విరిగిపోయినా, ఒరిగిపోయినా, దాటకు. కంచె లేకపోయినా గడ్డి నేల గరాటులాగా గుండ్రంగా లోపలికి కుంగి ఉంటే దానికి దూరంగా తిరిగి పో. పాత షాఫ్టుల మీద దుంగలు వేసి, మట్టి కప్పి వదిలేసినవి ఉన్నాయి. దుంగ కుళ్ళుతుంటే మట్టి మెల్లగా దిగుతుంది. నాలుగు రోజుల వాన ఆ మట్టి బరువును ఎంత పెంచుతుందో ఆలోచించు. ఇంకోటి, షాఫ్టు ఎంత లోతుందో చూద్దామని రాయి విసరకు. కింద మనుషులు ఉండొచ్చు.

లాంకాస్టర్ నుంచి రైల్లో ఆక్సెన్‌హోమ్, అక్కడ మారి విండర్‌మియర్, అక్కణ్ణుంచి 505 బస్సు ఆంబుల్‌సైడ్ మీదుగా కానిస్టన్‌కు వస్తుంది. తిరుగు బస్సు ఆఖరిది ఎన్నింటికో ముందే చూసి రాసుకో. ఊళ్ళోంచి చర్చ్ బెక్ అనే వాగు పక్కనే ఎక్కుతావు. ఈ వానలకు అది గోధుమ రంగులో గర్జిస్తూ ఉంటుంది. చూడ్డానికి చాలా బాగుంటుంది, అంచుకు మాత్రం వెళ్ళకు. మైనర్స్ బ్రిడ్జ్ అని చిన్న రాతి వంతెన వస్తుంది. అక్కడ కాసేపు ఆగి లోయలోకి చూడు.

అక్కడినుంచి కనిపించే బూడిద రంగు గుట్టలన్నీ మనుషులు తవ్వి పోసినవే. 1568లో ఎలిజబెత్ రాణి చార్టర్ ఇచ్చిన కంపెనీ ఒకటి జర్మనీ నుంచి గనివాళ్ళను ఈ కొండలకు రప్పించింది. కానిస్టన్‌లో తవ్వకం 1599 ప్రాంతంలో మొదలైందంటారు. మొదట్లో అంతా సుత్తి, ఉలి పనే, తర్వాత మందుగుండు వచ్చింది. 19వ శతాబ్దం మధ్యలో ఈ లోయ మంచి ఊపు మీద ఉండేది. నీటి చక్రాలు తిరుగుతూ, ఖనిజం దంచే మిల్లుల మోతతో నిండిపోయేది. రైలు రాకముందు ఖనిజాన్ని కానిస్టన్ సరస్సు మీద పడవల్లో దించేవారు. 1859లో రైలు వచ్చింది. అది వచ్చిన కొన్నాళ్ళకే రాగి ధర పడిపోయి గనులు దిగజారడం మొదలైంది. ఆ రైలు కూడా ఇప్పుడు లేదు, 1958లో ప్రయాణికులను ఎక్కించుకోవడం మానేసింది. లోయలో తెల్లగా కనిపించే యూత్ హాస్టల్ ఒకప్పుడు గని మేనేజరు ఇల్లు. నాకు ఆ లోయ చూసినప్పుడల్లా ఇల్లెందు గుర్తొస్తుంది. బొగ్గు మీద లేచిన ఊరు బొగ్గు తగ్గాక ఎలా ఉంటుందో చూసినవాళ్ళం కదా మనం. ఆ గుట్టలను చెత్తగా చూడకు. అక్కడ పనిచేసినవాళ్ళ చెమట అది.

లోయ పైన లెవర్స్ వాటర్ అనే చెరువు, దాని దగ్గర కొండను కత్తితో కోసినట్టున్న సైమన్స్ నిక్ ఉన్నాయి. సైమన్ అనేవాడికి ఎక్కడా లేని రాగి దొరికిందని, ఆ రహస్యం బయటపెట్టాక అదృష్టం పోయి పేలుడులో చచ్చిపోయాడని ఊళ్ళో కథ చెప్పుకుంటారు. చూడదగ్గ చోటే. కాని ఈ శనివారం వద్దు. ఆ చుట్టుపక్కల నోళ్ళు తెరుచుకుని ఉన్న లోతైన తవ్వకాలున్నాయి, కంచెలు వేసి ఉంచారు. మబ్బు కమ్మినప్పుడు దారి తప్పితే నేరుగా వాటి వైపే పోతావు. పైగా అటు పోవాలంటే వాగులు దాటాలి. ఉదయం రాళ్ళ మీద అడుగులేసి దాటిన వాగు, మూడు గంటల వాన తర్వాత మోకాలు దాటి వస్తుంది. మోకాలెత్తు పరుగు నీళ్ళు మనిషిని పడగొట్టడానికి చాలు. అలాంటి వాగు ఎదురైతే దాటే ప్రయత్నం చేయకు. చుట్టూ తిరిగి రావాల్సొచ్చినా, బస్సు పోయినా సరే.

వాన అంటే ఇక్కడ ఎంతో నీకు ఇంకా అలవాటు కాలేదు. ఇవే కొండల్లో సీత్‌వెయిట్ అనే పల్లెలో ఏడాదికి దాదాపు 3,500 మిల్లీమీటర్లు పడుతుంది. హైదరాబాద్‌లో పడేదానికి నాలుగింతలకు పైనే. 2015 డిసెంబరు 5న హానిస్టర్ కనుమలో ఒక్క 24 గంటల్లోనే 341.4 మిల్లీమీటర్లు పడింది. మన వానలాగా కుమ్మరించి వెళ్ళిపోయేది తక్కువ, సన్నగా, అడ్డంగా, సాయంత్రం దాకా పడుతూనే ఉంటుంది. నానబెట్టి చలి పట్టించే వాన ఇది.

వంతెన దాటి పైకి పోయేకొద్దీ స్లేటు క్వారీల దారి తగులుతుంది. ఓల్డ్ మ్యాన్ ఎక్కేవాళ్ళలో ఎక్కువమంది వచ్చే దారి ఇదే, రాళ్ళు పరిచి బాగు చేసి ఉంటుంది. ఈ ఆకుపచ్చ స్లేటు కోట్ల ఏళ్ళ కిందటి అగ్నిపర్వతాల బూడిద గట్టిపడి అయిన రాయి. ఇక్కడి ఇళ్ళ పైకప్పుల మీద చూసేది అదే. ఇక్కడే నీ కాళ్ళు జాగ్రత్తగా పెట్టాలి. కోసిన స్లేటు పలక నున్నగా ఉంటుంది, తడిస్తే సబ్బు రాసినట్టే. పలక వాలు బయటికి ఉంటే దాని మీద అసలు అడుగు వేయకు. పక్కనున్న గరుకు రాయి వెతుక్కో. అడుగు చిన్నదిగా, పాదం మొత్తం ఆనేలా వెయ్యి. మడమ ముందు ఆనితే జారతావు. రాయి మీద మెరిసే నాచు కనిపిస్తే అదీ వద్దు.

పాత రోప్‌వే ఇనుప తాళ్ళు అక్కడక్కడా దారికి అడ్డంగా పడి ఉంటాయి. లావుపాటి పేట, తుప్పుతో ఎర్రగా ఉంటుంది. దాన్ని తొక్కకు, దాటు. తడి తాడు మీద బూటు పడితే తాడు దొర్లుతుంది, దాంతోపాటు నువ్వూ. చేత్తో పట్టుకుని ఎక్కాలనీ చూడకు. పేట విడిపోయిన చోట తీగలు ముళ్ళలాగా పైకి లేచి ఉంటాయి, అరచేయి చీరేస్తాయి. అక్కడే ఇంకో చిన్న సంగతి ఉంది, చాలామందికి తట్టదు. దిక్సూచి చూడాలంటే ఈ ఇనుము దగ్గర నిలబడి చూడకు. తాళ్ళూ పట్టాలూ ఆ సూదిని లాగేస్తాయి. పదడుగులు దూరం జరిగి, జేబులోని ఫోను కూడా దూరంగా పెట్టి చూడు.

క్వారీలు దాటాక లో వాటర్ అనే చిన్న చెరువు. ఇక్కడ ఆగు. ఏదైనా తిను. ఇంకా పైకి పోవాలా వద్దా అనేది ఇక్కడే తేల్చుకోవాలి, ఎందుకంటే ఇక్కడినుంచి శిఖరం దాకా నిటారుగా మెలికలు తిరిగే రాతి దారి, పైన గాలికి అడ్డు ఏమీ ఉండదు. చెరువు దగ్గర నిలబడితేనే గాలి నిన్ను అటూ ఇటూ నెడుతుంటే పైకి పోకు. చేతులు చలికి మొద్దుబారిపోయి ఉంటే పోకు. మధ్యాహ్నం రెండు దాటితే పోకు.

రెండు ఎందుకన్నానంటే, లెక్క ఉంది. 1892లో నైస్మిత్ అనే స్కాట్లాండ్ ఆయన చెప్పిన సూత్రాన్ని ఇక్కడివాళ్ళు ఇప్పటికీ వాడతారు. అయిదు కిలోమీటర్ల నడకకు ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎత్తుకూ ఇంకో గంట. ఊళ్ళోంచి శిఖరానికి నాలుగు కిలోమీటర్ల పైచిలుకు, 750 మీటర్ల ఎక్కుడు. లెక్కన రెండు గంటల పైన. తడి, మబ్బు, ఆగడాలు కలుపుకుంటే మూడు. పదకొండుకు ఊళ్ళో దిగితే రెండింటికి పైన ఉంటావు. దిగడానికి ఇంకో రెండున్నర. అక్టోబరు నడిమిలో ఆరుంబావుకు పొద్దు గూకుతుంది, మబ్బున్న రోజు అంతకంటే ముందే చీకటి పడినట్టుంటుంది. నెలాఖరు ఆదివారం గడియారాలు వెనక్కి మార్చాక అయితే నాలుగూ నలభైకే సూర్యుడు వెళ్ళిపోతాడు. రెండు గంటలకు ఫోన్లో అలారం పెట్టుకో. మోగినప్పుడు శిఖరం నీకు పది నిమిషాల దూరంలోనే ఉన్నా వెనక్కి తిరుగు. ఈ మాట ఇంట్లో ఉన్నప్పుడే నీకు నువ్వు చెప్పుకుని వెళ్ళాలి. అక్కడికెళ్ళాక మనసు ఒప్పుకోదు, ఇంత దూరం వచ్చాం కదా అంటుంది.

శిఖరం ఎత్తు 800 మీటర్ల పైచిలుకు. పైన స్లేటు రాళ్ళతో కట్టిన గద్దె ఉంటుంది. మబ్బు లేకపోతే సముద్రం దాకా కనిపిస్తుంది. మబ్బుంటే నీ చేతి కర్ర చివర కూడా సరిగ్గా కనిపించదు. గద్దె దగ్గరికి చేరగానే ఫొటోల కంటే ముందు వెనక్కి తిరిగి, నువ్వు ఎక్కి వచ్చిన దారి ఎక్కడ పైకి తేలిందో చూసుకుని, దిక్సూచితో ఆ దిక్కు రాసుకో. మబ్బులో నాలుగు ఫొటోలు తీసుకుని తిరిగేసరికి అన్ని దిక్కులూ ఒకేలా ఉంటాయి. లో వాటర్ వైపు కొండ నిట్టనిలువుగా తెగిపోతుంది. వచ్చిన దారినే దిగు. గోట్స్ వాటర్ మీదుగా చుట్టి రావడం బాగుంటుందని ఎవరైనా చెబుతారు, నిజమే, కాని తెలియని దారిలో మబ్బులో దిగడం మొదటిసారికి వద్దు.

బట్టల విషయం. జీన్స్ వేసుకోకు, కాటన్ టీషర్టు వేసుకోకు. తడిసిన నూలు ఒంటికి అంటుకుని వేడినంతా లాగేస్తుంది. ఒంటికి ఉన్ని బనీను కాని, ఆటల బట్టల్లాంటి సింథటిక్ కాని, దాని మీద ఫ్లీసు, దాని మీద వాటర్‌ప్రూఫ్ జాకెట్, ప్యాంటు. రెండూ ఉండాలి, జాకెట్ ఒక్కటే సరిపోదు. టోపీ, రెండు జతల గ్లోవ్స్. బ్యాగు లోపల చెత్త సంచి ఒకటి పరిచి దాంట్లో పొడి బట్టలు పెట్టు, బ్యాగు కవర్లను నమ్ముకోకు. హెడ్‌టార్చి తప్పనిసరి. ఊరికీ శిఖరానికీ మధ్య అయిదు డిగ్రీల దాకా తేడా ఉంటుంది, గాలి తోడైతే ఇంకా ఎక్కువ అనిపిస్తుంది. బూట్లకు డబ్బు పెట్టకు, నా పాత జత నీకు సరిపోతుంది, గురువారానికి పోస్టులో అందుతుంది.

చలి పట్టడం గురించి డాక్టరుగా చెబుతున్నాను. ఒంట్లో వేడి తగ్గుతున్నప్పుడు ముందు దెబ్బతినేది మనిషి తెలివి. ఆ మనిషికి తనకు బాగానే ఉందనిపిస్తుంది. పక్కన మనిషి ఉంటే మాట ముద్దగా వస్తోందనో, అడుగు తడబడుతోందనో చూసి చెబుతారు. నీ పక్కన ఎవరూ ఉండరు కాబట్టి నిన్ను నువ్వే పరీక్షించుకోవాలి. అరగంటకోసారి గ్లోవ్ తీసి బొటనవేలితో చిటికెనవేలిని తాకు. తాకలేకపోతే, జిప్పు పట్టు దొరకకపోతే, అప్పటికప్పుడు పొడి బట్ట వేసుకుని, తీపి ఏదైనా తిని, కిందికి దిగడం మొదలుపెట్టు. వణుకు ఆగిపోయిందంటే తగ్గిందని అర్థం కాదు, ముదిరిందని.

తినడానికి పులిహోర కట్టుకో, చల్లారినా బాగుంటుంది. కాని గాలిలో డబ్బా తెరిచి చెంచాతో తినే వీలు అన్నిచోట్లా దొరకదు. అందుకని జేబులో పల్లీ పట్టీలు, ఖర్జూరాలు పెట్టుకుని నడుస్తూనే తింటూ ఉండు. ఫ్లాస్కులో టీ, చక్కెర ఎక్కువ వేసి. గనుల కిందుగా వచ్చే వాగు నీళ్ళు ఎంత తేటగా ఉన్నా తాగకు. వాటిలో రాగి, ఇంకా ఏవేవో లోహాలు కరిగి ఉంటాయి.

ఏదైనా అయితే 999కు ఫోన్ చేసి, పోలీసు కావాలని, వాళ్ళు ఎత్తగానే మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పు. నీ నెట్‌వర్క్ లేకపోయినా వేరేవాళ్ళ సిగ్నల్ ఉంటే ఆ కాల్ పోతుంది. ఇప్పుడే 'రిజిస్టర్' అనే ఇంగ్లీషు మాట టైప్ చేసి 999కు మెసేజ్ పంపి, వచ్చిన జవాబుకు అవునని బదులివ్వు, తర్వాత అవసరమైతే ఎస్సెమ్మెస్‌తోనూ పిలవొచ్చు. మ్యాపు మీద ఒక చోటును అంకెల్లో చెప్పే గ్రిడ్ రెఫరెన్స్ చదవడం నేర్చుకుని వెళ్ళు. శిఖరం ఎస్‌డీ 272 978, అక్కణ్ణుంచి ప్రాక్టీసు చెయ్యి. సిగ్నల్ లేకపోతే విజిల్, నిమిషంలో ఆరు సార్లు, ఒక నిమిషం ఆగి మళ్ళీ ఆరు. టార్చితోనూ అంతే.

మన పిల్లలు చాలామంది పిలవడానికి జంకుతారు. బిల్లు వేస్తారేమో, వీసాకు ఇబ్బంది అవుతుందేమో అనుకుంటారు. ఒక్క పెన్నీ తీసుకోరు తల్లీ. వాళ్ళంతా వాలంటీర్లు, ఆ ఊళ్ళవాళ్ళే, భోజనం మధ్యలో లేచి వస్తారు. కాలు బెణికి నడవలేకపోతున్నావంటే చాలు, పిలవచ్చు. చీకటి పడ్డాక పిలిచేకంటే వెలుగుండగా పిలిస్తేనే వాళ్ళకూ సులువు.

శుక్రవారం రాత్రి, మళ్ళీ శనివారం పొద్దున, కొండల వాతావరణ సూచన చూడు, మౌంటెన్ వెదర్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ (ఎండబ్ల్యూఐఎస్) వాళ్ళదీ మెట్ ఆఫీసుదీ రెండూ. ఊరి ఫోర్‌కాస్ట్ పనికిరాదు. పైన గాలి విసుర్లు గంటకు 40 మైళ్ళు దాటుతాయంటే శిఖరం మాట మర్చిపోయి మైనర్స్ బ్రిడ్జ్ దాకా వెళ్ళి, లోయ చూసి, ఊళ్ళో రస్కిన్ మ్యూజియం చూసుకుని రా. అదీ మంచి రోజే అవుతుంది.

దారిలో ఎదురైనవాళ్ళను పలకరించు, ఎటు పోతున్నావో చెప్పు. వెతకాల్సి వస్తే వాళ్ళ మాటే ఆధారం. బస్సు దిగగానే నాకు మెసేజ్ పెట్టు, లో వాటర్ దగ్గర సిగ్నల్ ఉంటే ఇంకోటి, ఊళ్ళోకి దిగాక ఇంకోటి. దారి మార్చుకుంటే అది కూడా. సాయంత్రం ఆరు లోపు నీ నుంచి మాట రాకపోతే నేను ఆగను, 999 చేసి నీ దారి, నీ జాకెట్ రంగు చెప్పేస్తాను. జాకెట్ ఏ రంగుదో ఈ ఉత్తరం అందగానే రాయి. మీ అమ్మతో నేను మాట్లాడతాను, నువ్వు దాని గురించి బెంగ పెట్టుకోకు.

మీ పెద్దమ్మ